బాగుందని తీశాను

"నన్ను ఆ చక్రం కింద నిలబెట్టింది ఆ పిల్లేనమ్మా! నిలబెట్టి మరీ నా మీద పడేసింది!"

ఎడమ భుజానికి కట్టుతో ఆస్పత్రి మంచం మీద పడుకున్న పెద్దాయన గొంతు వింటే, ఆయన్ని ఎక్కువ మాట్లాడించొద్దని డాక్టరు చెప్పిన మాట ఎవరూ నమ్మరు. మెల్లగా మాట్లాడమని నర్సు రెండుసార్లు వచ్చి చెప్పింది. మూడోసారి ఏమీ అనకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న డిటెక్టివుని ఊరంతా పెద్దకోడలనే పిలుస్తారు. ఎందుకంటే ఆ ఇంటి చిన్నకోడలు పోలీసు ఇన్‌స్పెక్టరు. ఒకే అత్తగారి కోడళ్ళిద్దరూ నేరస్తుల వెంట పడుతుంటే ఇక వాళ్ళ అసలు పేర్లు ఎవరికి గుర్తుంటాయి!

"అన్నయ్యగారూ, మొదటినుంచీ చెప్పండి. అసలు ఆ షెడ్డుకి మీరెందుకు వెళ్ళారు?" అంది పెద్దకోడలు.

"ఎందుకంటే వద్దని చెప్పడానికి! మా వాడికీ ఆ పిల్లకీ పెళ్ళికని నేను శుభ్రంగా తెల్ల సున్నం కొట్టిన హాలు చూశాను. ఆ పిల్ల వినదే! ఊళ్ళో చాలా పెళ్ళిళ్ళకి తనే ఫోటోలు తీస్తుంది కదా, తన పెళ్ళి మాత్రం ఒకప్పుడు బోల్టులు చేసిన ఆ పాత ఫ్యాక్టరీ షెడ్డులో కావాలట. అక్కడ వెలుతురు బాగుంటుందని ఎవరో చెప్పారట. ఫ్యాక్టరీలో పెళ్ళేమిటే, పెళ్ళికూతుర్ని పానాతో బిగిస్తారా అన్నాను. ఫోటోలు తీసి చూపిస్తాను, చూశాక మీరే ఒప్పుకుంటారు మామయ్యా అంది. నిన్న మధ్యాహ్నం కెమెరా పట్టుకుని వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను."

"వెళ్ళగానే చక్రం కింద నిలబడమందా?"

"మీరు నిలబడితే ఆ చక్రం ఎంత పెద్దదో ఫోటోలో తెలుస్తుంది అంది. నేనేమన్నా కొలబద్దనా? అయినా నిలబడ్డాను. తిడుతూనే నిలబడ్డాను."

"తరవాత?"

"కొంచెం కుడికి జరగండి మామయ్యా, వెనకున్న స్తంభం మీ తలమీద కొమ్ము మొలిచినట్టు కనబడుతోంది అంది. జరిగాను. ఇంకొంచెం అంది. జరిగాను. అంతే, పడింది."

పెద్దకోడలు కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంది. తొందరేమీ లేనట్టు అడిగింది. "జరక్కుండా అక్కడే ఉంటే ఎక్కడ పడేదండీ?"

పెద్దాయన పైకప్పు వంక చూశాడు. తన తలమీద చెయ్యి వేసి తడుముకున్నాడు.

"జరగమన్నదెవరు?"

"అది సరేనమ్మా," అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. "గొలుసు తీసింది తనేనని తనే ఒప్పుకుందట కదా. సాయంత్రానికి అరెస్టు చేస్తారట. మా వాడు నిన్నట్నించి అన్నం ముట్టలేదు. నాకు మాత్రం సరదానా చెప్పు?"

* * *

షెడ్డు తలుపు దగ్గర పెళ్ళికొడుకు నిలబడి ఉన్నాడు. ఈ కేసు పెద్దకోడలికి అప్పజెప్పింది అతనే. నిన్న చక్రం పడడానికి కాస్త ముందు ఆ అమ్మాయి తన ఫోనుకు పంపిన మాటల్ని పోలీసులకి వినిపించిందీ అతనే. మంచికే వినిపిస్తున్నాననుకున్నాడు పాపం. ఇప్పుడు ఆ ఫోను జేబులో నిప్పులా కాలుతున్నట్టుంది అతనికి.

"ఇంకోసారి వినిపించు నాయనా," అంది పెద్దకోడలు.

ఫోనులోంచి హుషారైన గొంతు పలికింది. "మెట్లు తీసేశాను. పైకిటికీలు తీసేశాను. గొలుసు తీసేశాను. ఇంతలో మీ నాన్నగారు వచ్చారు, ఆయన్ని చక్రం కింద నిలబెట్టాను. దీంతో పనైపోతుంది, వచ్చేస్తా!"

"విన్నావుగా అక్కా," అని లోపల్నించి ఇంకో గొంతు వచ్చింది. చిన్నకోడలు యూనిఫారంలో రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. అన్నాక నాలిక కరుచుకుంది. "అదే... విన్నారుగా. ఇక్కడ నేను డ్యూటీలో ఉన్నాను. నన్ను మేడం అనాలి."

"అలాగే మేడం. అత్తయ్యగారి మోకాళ్ళ మందు తెస్తానన్నారు, తెచ్చారా మేడం?"

"అది ఇంటి విషయం!"

"మోకాళ్ళు ఆవిడవి. నొప్పి అని రోజంతా వినేది నేను. సరే, చక్రం చూడొచ్చా?"

చిన్నకోడలు పక్కకి జరిగింది.

చక్రం అయిదుగురు మనుషులు చేతులు చాపి చుట్టూ నిలబడేటంత ఉంది. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఏ యంత్రాన్ని తిప్పిందో గానీ, ఇప్పుడు దానికి పచ్చరంగు వేసి, అంచు చుట్టూ బల్బులు పెట్టి, పెళ్ళివేదిక మీద దీపంలా వేలాడదీశారు. నిన్న అది నేలమీద పడి, కాస్త దొర్లి, ఒక పక్కకి ఒరిగింది. దాని కింద ఆ అమ్మాయి కెమెరా పచ్చడి పచ్చడిగా అయిపోయింది. ఫోటోలు చూద్దామంటే ఒక్కటీ మిగల్లేదు.

"ఇనప తాడు తెగింది," అని చిన్నకోడలు వేలు పెట్టి చూపించింది. "కానీ తాడు ఒక్కటే ఉండదుగా. తాడు తెగినా చక్రం పడకుండా పట్టుకోవడానికి పక్కనే ఒక గొలుసు ఉండాలి. ఇదిగో, గొలుసు తగిలించే కొక్కెం. ఖాళీగా ఉంది. గొలుసు ఫోటోకి అడ్డంగా ఉందని ఆ అమ్మాయి తీసి పారేసింది. కాబోయే మామగారితో ఎలాగూ పడదు. ఆయన్ని తెచ్చి కింద నిలబెట్టింది."

"నా షెడ్డు ఎంత భద్రమో అందరికీ తెలుసండీ," అంటూ షెడ్డు యజమాని ముందుకొచ్చాడు. కొత్త పైపులకి కూడా తుప్పు రంగు పూయిస్తాడని ఊళ్ళో ఇతన్ని తుప్పుదొర అంటారు. "షెడ్డు అన్నాను, అలవాటులో. వేదిక అనాలి. ఇక్కడ ఏదీ దానంతటది తుప్పు పట్టలేదండీ, అంతా మేం పట్టించిందే. పక్క వేదికలో ఇప్పుడు కూడా ఒక పెళ్ళివిందు జరుగుతోంది చూడండి. మా మీద నమ్మకం లేకపోతే వస్తారా?"

అవును, గోడకి అవతల పాటల మోత వినబడుతూనే ఉంది. ఆ దెబ్బకి పైకప్పు రేకులు సన్నగా అదురుతున్నాయి.

"పైన తాడు కట్టిన చోటు చూడాలి," అంది పెద్దకోడలు.

"నేను చూశాను. అక్కడ ఏమీ లేదు," అంది చిన్నకోడలు.

"ఏమీ లేకపోవడమే చూస్తాను."

గోడ వారన ఇనప మెట్లున్నాయి. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని, ఆయాసపడుతూ ఎక్కింది పెద్దకోడలు. వెనకాల చిన్నకోడలు చకచకా ఎక్కుతూ, "పడిపోతారు, జాగ్రత్త" అని నాలుగుసార్లు అంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ నాలుగుసార్లూ ప్రేమగానే అంది.

పైన దూలానికి గొలుసు తగిలించే ఇనప కడియం ఉంది. పెద్దకోడలు కళ్ళజోడు సరిచేసుకుని దాని దగ్గరికి మొహం పెట్టింది.

"మేడం, ఇందులో సాలెగూడు చూశారా?"

"చూశాను. సాలీడు రాత్రికి రాత్రి గూడు కట్టేస్తుంది. అదేం సాక్ష్యం?"

"గూడు కట్టేస్తుంది. మరి ఇంత దుమ్ము ఎక్కడనుంచి మోసుకొచ్చింది? గూడుకి దుమ్ము పట్టి నూలు పోగుల్లా లావెక్కాయి చూడండి. కడియంలో గొలుసు ఒరుసుకున్న చోట కూడా మెరుపు లేదు. ఈ గొలుసు ఊడి చాలా కాలమైంది. ఆ అమ్మాయి నిన్ననే కదా మొదటిసారి ఇక్కడికొచ్చింది?"

చిన్నకోడలు తగ్గలేదు. "మరి తనే తీశానని ఎందుకు ఒప్పుకుంటుంది? నేను అడిగాను, తను చెప్పింది. కొట్టలేదు, బెదిరించలేదు. గొలుసు తీసింది నువ్వేనా అన్నాను. నేనేనండీ అంది. ఎందుకు తీశావు అన్నాను. బాగుందని తీశాను అంది. ఎవరైనా తియ్యమన్నారా అంటే, లేదండీ నాకే ముచ్చటేసింది అంది. తీస్తే ఏమవుతుందో ఆలోచించావా అంటే ఏమందో తెలుసా? మా వాళ్ళు మెచ్చుకుంటారనుకున్నాను అంది! అక్కడే ఉన్న కానిస్టేబులు నిర్ఘాంతపోయాడు."

పెద్దకోడలు మెట్లు దిగడం మొదలుపెట్టింది. సగం దిగి, ఎవరో పిలిచినట్టు ఆగిపోయింది. తన కాళ్ళ కిందికి చూసుకుంది. ఇనప మెట్టుని చెప్పుతో ఒకసారి టంగుమని తట్టింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది చూడండి, కమ్మీ పట్టుకోకపోతే పడిపోయేదే.

"ఏమైంది? కళ్ళు తిరుగుతున్నాయా?" అని చిన్నకోడలు కంగారుగా రెక్క పట్టుకుంది.

"ఆ అమ్మాయిని పిలిపించు. ముందు పిలిపించు."

జీపులో కూర్చోబెట్టిన ఫోటోల అమ్మాయిని లోపలికి తీసుకొచ్చారు. రాత్రంతా ఏడ్చిన కళ్ళు. పెళ్ళికొడుకు ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. ఆ అమ్మాయి అతని వంక చూడలేదు. చూస్తే మళ్ళీ ఏడుపొస్తుందని కాబోలు.

"అమ్మడూ, నిన్న గొలుసు తీసింది నువ్వేనా?" అంది పెద్దకోడలు.

"నేనేనండీ. ఎన్నిసార్లు అడిగినా అదే చెబుతాను. అందులో తప్పేముందో నాకు తెలియట్లేదు."

"విన్నారా!" అంది చిన్నకోడలు.

"ఉండండి మేడం. పైకిటికీలు తీసిందెవరమ్మా?"

"నేనేనండీ."

"మరి ఈ మెట్లు?"

"అవీ నేనే తీశాను. అన్నిటికంటే ముందు అవే తీశాను."

పెద్దకోడలు చిన్నకోడలి వైపు తిరిగింది. "మెట్లు నిన్ననే తీసేసిందట మేడం. మరి మనమిద్దరం ఇప్పుడు దేనిమీద ఎక్కి దిగాం?"

గోడకి అవతల పాట మారింది. చిన్నకోడలు మెట్లవంక చూసింది, పైకిటికీల వంక చూసింది, నేలమీద పచ్చడైపోయిన కెమెరా వంక చూసింది. చెవుల దాకా ఎర్రబడింది.

"ఫోటో..." అంది నీరసంగా. "ఫోటో తీసింది."

"మరింకేం తీస్తానండీ? గొలుసు ఊడదీశాననుకున్నారా మీరంతా?" అని ఫోటోల అమ్మాయి అరిచినంత పని చేసింది. "నేను మామయ్యని... అమ్మో! అందుకా నన్ను రాత్రంతా కూర్చోబెట్టింది?" అని పెళ్ళికొడుకు వైపు తిరిగింది. "నువ్వు కూడానా?"

"నేనలా అనుకోలేదు," అన్నాడతను. "నీ గొంతు విని, ఎంత సంతోషంగా ఉందో చూడండని వినిపించాను."

"నీ తెలివి ఉందే..." అంది గానీ ఈసారి అతని వంక చూసింది.

చెప్పొద్దూ, చిన్నకోడలు మంచి ఇన్‌స్పెక్టరే. పొరపాటు తెలిశాక దాన్ని పట్టుకుని వేలాడే మనిషి కాదు. వెంటనే తేరుకుంది. "అయితే ఇంకో ప్రశ్న. చక్రానికి గొలుసే లేకపోతే, ఏ గొలుసు ఫోటో తీశావు?"

"ఊయల గొలుసండీ."

"ఏ ఊయల?"

తుప్పుదొర గట్టిగా దగ్గాడు. "అది వేరే మూలండీ. ఫోటోలు దిగడానికి పెట్టిన సరదా మూల. దానికీ దీనికీ సంబంధం లేదు. పైగా అక్కడ శుభ్రం చేస్తున్నారు."

"మరీ మంచిది. చీర మాయదు," అని పెద్దకోడలు అటు నడిచింది.

వేదిక వెనక పెద్ద తెర ఉంది. ఫోటోల అమ్మాయి దాన్ని పక్కకి లాగింది. ఇటుక గోడ ముందు, పైకిటికీలోంచి పడే ఎండలో, చెక్కబల్ల ఊయల వేలాడుతోంది. కొత్త జంట కూర్చుంటే నిజంగా చూడముచ్చటగా ఉంటుంది. బల్ల నాలుగు మూలలకీ నాలుగు లావాటి గొలుసులు. పూసిన తుప్పు కాదు, అసలు తుప్పు.

"ఈ షెడ్డు మొత్తంలో నిజంగా పాతబడ్డవి ఈ గొలుసులొక్కటేనండీ," అంది ఫోటోల అమ్మాయి. "అందుకే ముచ్చటేసింది. దగ్గరనుంచి తీశాను, గొలుసులో ఒక్కో కడియం కనబడేలా."

"ఒక్కో కడియం చూశావు కదా. చివరి కడియాలు ఏ రంగులో ఉన్నాయి తల్లీ?"

ఆ అమ్మాయి వంగి చూసింది. "పచ్చ! అవును, నిన్న కూడా అనుకున్నాను, ఇక్కడ మాత్రం పచ్చగా ఎందుకుందా అని."

"చక్రానికి రంగు వేసినప్పుడు దానికి తగిలించి ఉన్న కడియానికి కూడా అంటింది. అంతే," అంది పెద్దకోడలు. "దొరగారూ, చక్రాన్ని పట్టుకోవాల్సిన గొలుసు తెచ్చి ఊయలకి కట్టారన్నమాట."

తుప్పుదొర నుదురు తుడుచుకున్నాడు. "కొత్త గొలుసులు కొని కడితే ఫోటోలో తళతళమన్నాయండీ. రంగు పూస్తే చేతికి అంటుకుని పెళ్ళిబట్టలు పాడయ్యాయి. ఇప్పుడు వచ్చేవాళ్ళంతా ముందు ఊయలే అడుగుతున్నారు. తాడు గట్టిదే అనుకున్నాను. నా మనసులో చెడు ఏమీ లేదండీ. నిన్న నింద ఈ అమ్మాయి మీదికి పోతుంటే... చెబుదామనే అనుకున్నాను. నోరు రాలేదు."

"పద స్టేషన్‌కి!" అని చిన్నకోడలు అతని చొక్కా పట్టుకుంది. "అక్కా, కేసు తేలిపోయింది."

పెద్దకోడలు కదల్లేదు. ఊయల చుట్టూ తిరుగుతోంది. ఒక మూల వంగి చూసింది. రెండో మూల చూసింది. మూడు, నాలుగు. ఆవిడ మొహంలో నవ్వు కాస్తా ఆరిపోయింది.

"నాలుగు గొలుసులకీ చివర పచ్చరంగు ఉంది," అంది మెల్లగా. "ఇక్కడ ఉన్న చక్రం ఒకటే. దొరగారూ, మిగతా మూడు చక్రాలు ఎక్కడున్నాయి?"

తుప్పుదొర కళ్ళు గోడ వైపు తిరిగాయి. గోడకి అవతల పాట, చప్పట్లు, పిల్లల కేకలు.

చిన్నకోడలు అతన్ని వదిలేసి ఈల నోట్లో పెట్టుకుంది. పెద్దకోడలు ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈల వేశావంటే అంతా ఒక్కసారే పరిగెడతారు. ఆ షెడ్డుకి తలుపు ఒక్కటే. పిల్లలున్నారు, ముసలాళ్ళున్నారు. తొక్కుకుంటారే!"

"మరేం చెయ్యమంటావు? చూస్తూ నిలబడనా?"

"నేను పిలుస్తాను," అంది ఫోటోల అమ్మాయి.

ఇద్దరు కోడళ్ళూ ఆమె వంక చూశారు. నిలబడే ఓపిక కూడా లేనట్టున్న పిల్ల, జుట్టు ముడేసుకుంటోంది.

"పెళ్ళివాళ్ళని కదిలించడమే కదండీ నా పని. ఫోటో అంటే చేతిలో ప్లేటు కింద పెట్టి మరీ వస్తారు. ఎవరో ఒకరు ఆ పాట మాత్రం ఆపండి."

పెళ్ళికొడుకు కరెంటు మీటలున్న గదివైపు పరిగెత్తాడు.

ఆమె పక్క షెడ్డులోకి అడుగు పెట్టేసరికి పాట ఆగింది. జనం ఉసూరుమంటుండగా రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టింది. "అందరూ గ్రూపు ఫోటోకి బయటికి రావాలి! ఒక్కటే ఫోటో, మొత్తం చుట్టాలంతా! ముందు పెద్దవాళ్ళు, తాతగార్లూ అమ్మమ్మలూ. పిల్లల్ని పట్టుకుని అత్తలూ పిన్నులూ. వెండి జరీ కండువా బాబాయిగారూ, మీరే, దారి చూపించండి. తోసుకోవద్దు, అందరూ పడతారు ఫోటోలో!"

కుర్చీలు జరిగాయి. పొరుగూరినుంచి వచ్చిన ఇంతమందిలో ఈవిడెవరో ఒక్కరికీ తెలియదు. అయినా ఆ గొంతులో ఏముందో గానీ జనం లేచారు. జుట్లు సర్దుకుంటూ, కొంగులు సరిచేసుకుంటూ, "మా ఆయన ఏడీ" అని వెతుక్కుంటూ తలుపు వైపు నడిచారు. వాళ్ళ తలల మీద మూడు పచ్చటి చక్రాలు బల్బులు ఆరిపోయి వేలాడుతున్నాయి. మధ్యదాని తాడు దగ్గర ఒక ఇనప పోగు ఊడి, చుట్టలు తిరిగి గాలిలో ఆడుతోంది. పెద్దకోడలు చూసింది. చిన్నకోడలు చూసింది. ఇద్దరూ పైకి చూడడం మానేసి ముసలాళ్ళ చేతులు పట్టుకుని నడిపించారు.

"కెమెరా ఏదమ్మాయ్?" అన్నాడొక తాతగారు గడపలో ఆగిపోయి.

"వస్తోంది తాతగారూ. మీరు మధ్యలో నిలబడకపోతే మొదలుపెట్టను."

బయట ఖాళీ స్థలంలో వరసలు కట్టారు. ఫోటోల అమ్మాయి కళ్ళు వరసల మీద ఒక్కసారి పరిగెత్తాయి. వేళ్ళతో గాలిలో ఏదో లెక్క చూసుకుంది. మొహం పాలిపోయింది.

"పెళ్ళికూతురేది?"

"లోపలే ఉంది. చెప్పు తెగింది, సరిచేసుకుని వస్తానంది," అన్నారెవరో.

పెద్దకోడలు వద్దనేలోపే ఆ అమ్మాయి లోపలికి పరిగెత్తింది. వెనక ఆమె పెళ్ళికొడుకు పరిగెత్తబోతే చిన్నకోడలు అతన్ని నడుం దగ్గర పట్టుకుని ఆపింది. తలుపు చీకటిలోకి అందరూ చూస్తున్నారు. చాలామందికి ఎందుకు చూస్తున్నారో కూడా తెలియదు.

ముందు ఎర్ర చీర కనబడింది. ఒక కాలికి చెప్పు లేకుండా, "ఎందుకండీ అంత తొందర, లాగకండి" అంటూ ఆ పెళ్ళికూతురు గడప దాటింది. ఆమె మణికట్టు పట్టుకుని ఫోటోల అమ్మాయి దాటింది. రెండు అడుగులు వేశారో లేదో, వెనకాల నేల అదిరింది. తలుపులోంచి దుమ్ము మేఘంలా బయటికి వచ్చింది.

పెళ్ళికూతురి తల్లి పరిగెత్తుకొచ్చి కూతుర్ని, కూతురితోపాటు ఆ పరాయి పిల్లని, ఇద్దర్నీ కలిపి కౌగిలించుకుంది.

దుమ్ము కాస్త తగ్గాక లోపల విందు బల్లలు రెండు ముక్కలై కనబడ్డాయి. పడింది మధ్య చక్రం ఒక్కటే. అది పడిన ఊపుకి మిగతా రెండూ దూలం మీద కిర్రుకిర్రుమంటూ ఊగుతున్నాయి. దూలంతోపాటు తలుపు వైపు గోడ కూడా కదులుతోంది.

ఫోటోల అమ్మాయి ఆ తల్లి చేతుల్లోంచి బయటికొచ్చింది. రెండు చేతులూ పైకెత్తింది.

"అందరూ నన్నే చూడాలి. వెనక్కి... మెల్లగా... చేతులు వదలకుండా. ఇంకా వెనక్కి. పోలీసమ్మగారూ, మీరు కూడా."

చిన్నకోడలు వెనకాలే వచ్చి నిలబడ్డ తుప్పుదొర చొక్కా మళ్ళీ పట్టుకుని, ఆ అమ్మాయి చెప్పినట్టు అందరితోపాటు వెనక్కి నడిచింది.